బూడిద నేల: రెండు పొరల అంకెలకు సగటు తీయొచ్చా?

తూర్పు ఒరెగాన్‌లో సేజ్‌బ్రష్ పొదలు పెరిగే మేత భూమిలో తవ్విన గుంట ఇది. ఏడాదికి సుమారు 250 మి.మీ. వాన, అదీ ఎక్కువగా చలికాలంలోనే. నేల తేమ తరగతి అరిడిక్ (ఏడాదిలో ఎక్కువ కాలం పొడి), జెరిక్‌కు (చలికాలం తడి, వేసవి పొడి) దగ్గర. పైన 40 సెం.మీ. మందాన మజామా అగ్నిపర్వతం బూడిద, పిండిలా మెత్తగా ఉంది. దాని కింద 70 సెం.మీ. దాకా గోధుమ రంగు లోమ్ (ఇసుక, ఒండ్రు, బంక కలిసిన మట్టి), కొద్దిగా గడ్డకట్టింది. 55 సెం.మీ. దగ్గర యాసిడ్ వేస్తే సన్నగా నురుగు వస్తోంది, అంటే సున్నం ఉంది.

ల్యాబ్ అంకెలు:
0–18 సెం.మీ.: అగ్నిపర్వత గాజు రేణువులు 60%, ఆక్సలేట్ ద్రావణంలో కరిగిన అల్యూమినియం + సగం ఇనుము 0.52%, ఫాస్ఫేట్ రిటెన్షన్ (నేల పట్టి ఉంచే ఫాస్ఫేట్) 30%.
18–40 సెం.మీ.: అవే వరుసగా 70%, 0.36%, 22%.

రెండింటిలోనూ 0.02–2 మి.మీ. రేణువులు 30 శాతానికి పైనే. పై పొర ఆండిక్ (బూడిద నేల గుణాల) షరతులు దాటింది. కింది పొర అల్యూమినియం-ఇనుముకు 0.4%, ఫాస్ఫేట్‌కు 25% అనే రెండు హద్దులకూ కాస్త తక్కువ. మందంతో తూచి సగటు తీస్తే 0.43, 25.6 వస్తున్నాయి, అంటే పాస్! అదే నా టెన్షన్, మరీ అనుకూలంగా ఉంది. చురుకైన అల్యూమినియం ఉంటే పీహెచ్ పెంచే సోడియం ఫ్లోరైడ్ పరీక్షా చేశాను, పీహెచ్ 8.9 దాటలేదు. గాజే ఎక్కువున్న పొడి నేలలో దాన్నిబట్టి ఏం తేల్చగలం? ల్యాబ్ వాళ్లు మళ్లీ చేసినా దాదాపు అవే అంకెలు.

సగటు చెల్లితే విట్రిటోరాండ్స్ (బూడిద నేలల వర్గం), చెల్లకపోతే విట్రిజెరాండిక్ హాప్లోకాంబిడ్స్ (బూడిద లక్షణాలున్న పొడి ప్రాంత నేలల వర్గం) అని రాయాలి. అమెరికా నేలల వర్గీకరణ పద్ధతి సాయిల్ టాక్సానమీ అడిగే 36 సెం.మీ. ఆండిక్ మందం లెక్కలో ప్రతి పొరా విడిగా షరతులు దాటాలా, లేక తూచిన సగటు సరిపోతుందా?