చదువు ముగిసింది, సినిమా ముగియలేదు

ప్రశ్న: ఈ ఏప్రిల్‌లో ఇంజనీరింగు పూర్తయింది. అప్పటినుంచి, 2007లో వచ్చిన కాలేజీ సినిమా ‘హ్యాపీడేస్’ చూసినప్పుడల్లా కళ్లు చెమరుస్తున్నాయి. తీరా చూస్తే నా నాలుగేళ్లలో ప్రేమకథా లేదు, గిటారూ లేదు. విశాఖలో గాజువాక నుంచి మద్దిలపాలెం దాకా బస్సులో వేలాడటం, తెల్లవారేదాకా పక్కవాడి రికార్డు చూసి రాసుకోవడం తప్ప. జరగని జ్ఞాపకాలకు ఇంత దిగులు ఎందుకండీ?

జవాబు: సినిమా తప్పేమీ లేదు, దాని పాటలను మీరే మీ బస్సుకు అతికించుకున్నారు. ఆర్కే బీచ్‌లో మేం నలుగురం ఒకే ముంత మసాలా పొట్లం పంచుకున్న సాయంత్రం, పళ్ల కింద ఇసుక కరకరలాడి ఒకరినొకరు తిట్టుకున్నాం. ఇప్పుడు అదే దృశ్యం వెనక ఆ సినిమాకు మిక్కీ జె. మేయర్ ఇచ్చిన సంగీతం వినిపిస్తోంది. (పొట్లం డబ్బులు ఇచ్చింది నేనే, అది మాత్రం ఎవరికీ గుర్తులేదు.)

మరొకరి జవాబు: ఆ బీచ్‌లోనే ఉన్న కురుసుర జలాంతర్గామి 31 ఏళ్లు నౌకాదళంలో పనిచేసి, 2001లో విరమించి, మరుసటి ఏడాదికి గానీ ప్రదర్శనశాల కాలేదు. మీరు నాలుగేళ్లకే ఒడ్డెక్కి, అప్పుడే మ్యూజియం తెరిచేశారు!

ప్రశ్న అడిగినవారు: టిక్కెట్టు కూడా పెడతానండీ. సప్లిమెంటరీ హాల్‌టిక్కెట్లు మూడు ఇంకా పర్సులోనే ఉన్నాయి.