దివాళా తీసినా కోర్టు జరిమానా పోదట, బాకీ వసూలుకి సామాన్లు జప్తు చేసే బెయిలిఫ్‌లు వచ్చారు. ఏం చేయాలి?

అన్నలూ, అక్కలూ, మేం ఇంగ్లండ్‌లో లెస్టర్‌లో ఉంటాం. మా ఆయన కారులో ఫుడ్ డెలివరీ చేస్తారు. క్రెడిట్ కార్డుల బాకీలు తట్టుకోలేక మూడు నెలల కిందట 680 పౌండ్లు కట్టి దివాళాకి అప్లై చేశారు. ఆర్డర్ వచ్చాక, ఇక గండం గడిచిందనుకున్నాం.

నిన్న పొద్దున తలుపు సందులోంచి బెయిలిఫ్‌ల చీటీ పడింది. పెన్నుతో గీకిన మొబైల్ నంబరు, దాని కింద "ఈసారి తాళాలు తీసే మనిషిని తెస్తాం" అని. కారు ఇన్సూరెన్స్ లేదని మేజిస్ట్రేట్ కోర్టు వేసిన పాత జరిమానా అది. వాళ్ల ఫీజులూ కలిపేశారు. కోర్టు జరిమానా దివాళాలో మాఫీ కాదని అప్పుడే తెలిసింది. బెల్లు మోగితే చాలు, మా పాప నా వెనక దాక్కుంటోంది.

సమన్లు పాత ఇంటికి వెళ్లాయి, మాకు అందనేలేదు. కేసు సంగతి తెలిసిన 21 రోజుల్లోపు కోర్టులో ప్రమాణపూర్వకంగా ఆ మాట చెబితే శిక్ష రద్దవుతుందంటున్నారు. ఎవరైనా అలా చేశారా? ఈలోపు బెయిలిఫ్‌లు ఆగుతారా? కాకపోతే వాయిదాల్లో కడతామని నేరుగా కోర్టునే అడగొచ్చా?

ఇంకోటి. పనికి అవసరమైన వస్తువులు 1,350 పౌండ్ల వరకు తీసుకెళ్లకూడదని చదివాను. మా కారు వెయ్యి కూడా చెయ్యదు, కానీ అది లేకపోతే మాకు పూట గడవదు. అది డెలివరీకి వాడే కారని ఏ కాగితాలు చూపిస్తే ఒప్పుకుంటారు? ఇది దాటినవాళ్లుంటే దయచేసి చెప్పండి, తలుపు తీయాలంటేనే భయంగా ఉంది.