1950ల నాటి ఐదు స్క్రూల స్మిత్ అండ్ వెసన్: కొనేముందు ఏమేం చూడాలి?

కొత్తసేకరి

అందరికీ నమస్కారం. లైసెన్సు, కాగితాల సంగతి తేలిపోయింది కాబట్టి నేరుగా వస్తువు గురించే అడుగుతున్నా. స్మిత్ అండ్ వెసన్ మిలిటరీ అండ్ పోలీస్ రివాల్వర్, .38 స్పెషల్ తూటాది, 4 అంగుళాల బ్యారెల్. పిడి అడుగున నంబరు సి అక్షరంతో మొదలవుతోంది. బ్లూయింగ్ (ఉక్కు మీది నీలి పూత) మెరిసిపోతోంది, అంత పాతదంటే నమ్మబుద్ధి కావడం లేదు.

సిలిండర్ తెరిస్తే యోక్ (సిలిండర్‌ని మోసే చేయి) కూర్చునే చోట ఫ్రేమ్ మీద ఇంకో నంబరు ఉంది. అది పిడి అడుగు నంబరుతో కలవడం లేదు. ఐదు స్క్రూల మోడల్ అని అమ్మేవారు అంటున్నారు, నాకు లెక్కకి నాలుగే వస్తున్నాయి. ఇందులో మోసం ఏమైనా ఉందా? బీరువాలో పెట్టి చూసుకోవడమే కాదు, రేంజ్‌లో అప్పుడప్పుడు కాల్చాలని కూడా ఉంది. చేతిలోకి తీసుకున్నాక ఏ వరసలో పరీక్షించాలో చెప్పండి.

ఆరుగదులు

నంబర్ల గురించి కంగారు పడకండి. యోక్ దగ్గర ఉన్నది అసెంబ్లీ నంబరు. ఫ్యాక్టరీలో ఫ్రేమ్, యోక్, సైడ్ ప్లేట్ (ఫ్రేమ్ పక్క మూత) ఒకదానికొకటి అమర్చాక కలిసిపోకుండా వేసుకున్న గుర్తు అది. అసలు సీరియల్ నంబరు పిడి అడుగున ఉంటుంది. అదే నంబరు సిలిండర్ వెనక ముఖం మీద, బ్యారెల్ కింద ఎజెక్టర్ రాడ్ దాక్కునే చదును భాగం మీద, తూటాల ఖాళీ కేసుల్ని బయటికి తోసే ఎక్స్‌ట్రాక్టర్ నక్షత్రం వెనక వైపు, కుడి గ్రిప్ చెక్క లోపలి వైపు ఉండాలి. ఇవన్నీ కలిస్తే భాగాలన్నీ ఒకే తుపాకీవి. గ్రిప్ ఒక్కటే కలవకపోతే ధర కొంచెం తగ్గుతుంది, అంతే. సిలిండర్ నంబరు వేరే ఉంటే మాత్రం ఆగి ఆలోచించాలి, ఎందుకంటే టైమింగ్ (గది సరిగ్గా బ్యారెల్ ఎదురుగా వచ్చి లాక్ అయ్యే తీరు) ఎవరు ఎలా సరిచేశారో తెలియదు.

స్క్రూలు: సైడ్ ప్లేట్‌కి నాలుగు, ట్రిగ్గర్ గార్డు ముందు ఫ్రేమ్‌లో ఒకటి. సైడ్ ప్లేట్ స్క్రూల్లో వెనకది కుడి గ్రిప్ కింద దాక్కుంటుంది. గ్రిప్ తీస్తే మీ ఐదోది కనిపిస్తుంది. ప్లేట్ పైభాగంలోని స్క్రూని 1955 ప్రాంతంలో తీసేశారు. సి వరస 1948లో మొదలైంది. కాబట్టి ఐదూ ఉంటే మీది ఆ మధ్యకాలానిదే. 1957 నుంచి మోడల్ నంబర్లు వేశారు, ఇదే తుపాకీ మోడల్ 10 అయింది.

ఇక పరీక్ష. ముందు ఖాళీగా ఉందని ఆరు గదులూ కళ్లతో చూడండి. మిగతాదంతా ఆ తరవాతే.

ఆరు గదుల్లోనూ స్నాప్ క్యాపులు (ఉత్తుత్తి తూటాలు) పెట్టండి. ఖాళీ సిలిండర్‌తో పరీక్షిస్తే ఎక్స్‌ట్రాక్టర్ నక్షత్రం అటూ ఇటూ కదిలి, లేని జబ్బు ఉన్నట్టు చూపిస్తుంది. సిలిండర్ పక్కన వేలు తేలిగ్గా ఆనించి హ్యామర్‌ని వీలైనంత నెమ్మదిగా వెనక్కి లాగండి. హ్యామర్ ఆగే లోపే సిలిండర్ 'టిక్' అని లాక్ అవ్వాలి. హ్యామర్ ముందు ఆగిపోయి సిలిండర్ ఇంకా వెంట్రుకవాసి తిరగాల్సి ఉంటే టైమింగ్ అరిగింది. ఆరు గదులకీ విడివిడిగా చూడండి. వేగంగా నొక్కితే సిలిండర్ తన ఊపుకే లాక్ అయిపోయి లోపం దాగుతుంది. అమ్మేవాళ్లు ఎప్పుడూ టకటకా నొక్కి చూపించేది అందుకే.

హ్యామర్ ఎత్తి పెట్టి, ట్రిగ్గర్ ముట్టుకోకుండా, బొటనవేలితో ఓ మోస్తరు బలంతో హ్యామర్‌ని ముందుకు తోయండి. జారిందంటే ఎవరో ట్రిగ్గర్ తేలిక చేద్దామని హ్యామర్‌ని పట్టి ఉంచే సియర్ మెట్టు అరగదీశారు. ఆ తుపాకీని అక్కడే వదిలేయండి.

తరవాత ఫీలర్ గేజ్ (సందులు కొలిచే సన్న రేకులు). హ్యామర్ దించి, సిలిండర్‌ని వెనక్కి నొక్కి పట్టుకుని బ్యారెల్‌కీ సిలిండర్‌కీ మధ్య సందు కొలవండి. ఆ తరవాత ముందుకి నొక్కి మళ్లీ కొలవండి. మొదటిది అసలు గ్యాప్, రెండింటి తేడా ఎండ్ షేక్, అంటే సిలిండర్ ముందువెనకలకి కదిలే వదులు. గ్యాప్ 0.004 నుంచి 0.006 అంగుళం ఉంటే బాగున్నట్టు, 0.010 దాటితే పక్కలకి సీసం తుంపరలు చిమ్ముతుంది. 0.003 కన్నా తక్కువైతే కాల్చిన కొద్దిసేపటికే మసి పట్టి సిలిండర్ బిగుసుకుంటుంది. ఎండ్ షేక్ 0.002 లోపు ఉంటే ఆనందం, 0.006 అయితే యోక్‌కి షిమ్ (పల్చటి ఉంగరం) వేయించాల్సిందే.

చివరగా బోర్, అంటే బ్యారెల్ లోపలి గొట్టం. బ్రష్‌తో శుభ్రం చేశాకే చూడండి, ఎందుకంటే పేరుకున్న సీసం గుంతల్లా కనిపిస్తుంది. లోపల ఎక్కడైనా నల్లటి ఉంగరంలాంటి నీడ ఉంటే బ్యారెల్ ఉబ్బింది. బయట అదే చోట వేలు రాస్తే చేతికి తెలుస్తుంది. చిన్న చిన్న తుప్పు గుంతలతో సూటి పెద్దగా చెడదు, ఉబ్బు మాత్రం క్షమించేది కాదు.

నీలిఉక్కు

ఆరుగదులు గారు యంత్రం సంగతి చెప్పారు, నేను పూత సంగతి చెబుతాను. "మెరిసిపోతోంది" అన్న మాట దగ్గరే నాకు అనుమానం తగిలింది.

ముందుగా హ్యామర్, ట్రిగ్గర్ చూడండి. స్మిత్ వీటికి కేస్ హార్డెనింగ్ (పైపొరని గట్టిపరచడం) చేసి వదిలేసేది. గోధుమ, నీలం, బూడిద రంగులు కలగలిసిన మేఘాల్లా ఉంటాయి. అవి కూడా నల్లగా, నీలంగా ఒకే రంగులో ఉంటే ఎవరో తుపాకీని మొత్తంగా ముంచి తీశారు.

సైడ్ ప్లేట్ అంచు గీత కూడా చెబుతుంది. అసలు పాలిష్‌లో ఆ గీత వెతికితేగానీ దొరకదు. తిరిగి పాలిష్ పట్టినదాంట్లో అంచులు గుండ్రమై గీత స్పష్టంగా కనిపిస్తుంది. స్క్రూ రంధ్రాల చుట్టూ సాసర్‌లా లోపలికి వాలు పడుతుంది. ముద్ర అక్షరాల అంచులు మెత్తబడతాయి, కంపెనీ గుర్తులోని సన్న గీతలు సగం మాయమవుతాయి. బ్యారెల్‌ని ఫ్రేమ్‌కి పట్టి ఉంచే పిన్ను కొస కొంచెం ఉబ్బెత్తుగా ఉండాలి, అది నున్నగా చదునైపోయి ఉంటే పాలిష్ చక్రం దాని మీదుగా వెళ్లింది.

పిడి మీద నంబరు పక్కన నక్షత్రం గుర్తు ఉంటే ఫ్యాక్టరీకి తిరిగి వెళ్లి మరమ్మతు అయి వచ్చిందని అర్థం. ఫ్యాక్టరీ పనైనా సరే, సేకరణ విలువకి రెండోసారి వేసిన పూత రెండోసారిదే. అసలు పూత 70 శాతమే మిగిలినా, తిరిగి వేసిన నూరు శాతం కన్నా దానికే నా ఓటు.

ఫలానా పోలీసు అధికారిదని చెప్పే కథలకి అదనంగా డబ్బు ఇవ్వకండి. స్మిత్ అండ్ వెసన్ హిస్టారికల్ ఫౌండేషన్ సీరియల్ నంబరు చూసి, ఫ్యాక్టరీ నుంచి ఎప్పుడు, ఎవరికి వెళ్లిందో ఉత్తరం ఇస్తుంది. కథకి ఆధారం ఆ కాగితమే.

గుండు_గ్రెయిన్

ఇదే కుటుంబంలో వెతికేవాళ్లకి ఒక హెచ్చరిక, మీ సి నంబరుకి వర్తించదు. వి అక్షరంతో మొదలయ్యే యుద్ధకాలపు విక్టరీ మోడళ్లు బ్రిటన్, కామన్వెల్త్ సైన్యాలకి .38 స్మిత్ అండ్ వెసన్ తూటాతో వెళ్లాయి. ఆ తూటా పొట్టిది, లావుది. తరవాత చాలావాటి గదుల్ని పొడుగు చేసి .38 స్పెషల్ పట్టేట్టు మార్చారు. గది వెనక భాగం పాత లావులోనే ఉండిపోతుంది కాబట్టి .38 స్పెషల్ కేసు అడుగు దగ్గర ఉబ్బుతుంది, ఒక్కోసారి చీలుతుంది. .38 స్పెషల్ అని రాసి ఉన్నా సరే, .38 స్మిత్ ఖాళీ కేసు గదిలోకి జారిపోతుంటే అది మార్చినదే.

.455 వెబ్లీ మార్క్ 6 రివాల్వర్లదీ ఇదే దారి. సిలిండర్ వెనక భాగం చెక్కేసి, క్లిప్పులతో .45 ఏసీపీ తూటా వాడేట్టు చేసినవి చాలా తిరుగుతున్నాయి. ఫ్యాక్టరీ .45 ఏసీపీ పీడనం వెబ్లీ తట్టుకునేదానికన్నా చాలా ఎక్కువ. పట్టినంత మాత్రాన కాల్చకూడదు.

కొత్తసేకరి

అందరికీ కృతజ్ఞతలు. చూసి వచ్చా. సీరియల్ అన్నిచోట్లా కలిసింది, గ్రిప్ కింద ఐదో స్క్రూ దొరికింది. గ్యాప్ వెనక్కి నొక్కితే 0.007, ముందుకి నొక్కితే 0.004. హ్యామర్ తోస్తే జారలేదు. కానీ హ్యామర్, ట్రిగ్గర్ రెండూ ఒకే ముదురు నీలం. నెమ్మదిగా లాగితే ఒక్క గది మాత్రం ఆలస్యంగా లాక్ అవుతోంది, మిగతా ఐదూ బాగున్నాయి. బోర్ అద్దంలా ఉంది. నక్షత్రం గుర్తు లేదు.

నీలిఉక్కు

అయితే బయట ఎవరో వేసిన పూత. సేకరణ ధర అడుగుతుంటే వద్దనండి.

ఆరుగదులు

సేకరణ ధరకైతే వద్దు, నిజమే. కాల్చడానికి కొనే ధరకైతే ఇంతకన్నా మంచిది దొరకదు. పూత ఎలాగూ పోయింది కాబట్టి చేతి చెమట తగిలితే, హోల్‌స్టర్ రాసుకుంటే గుండె గుభేలుమనదు.

ఆలస్యం ఒక్క గదిలోనే ఉంది గనక లోపం సిలిండర్‌ని తిప్పే హ్యాండ్‌లో కాదు, నక్షత్రం వెనక రాచెట్‌లో ఆ ఒక్క పన్ను అరిగింది. హ్యాండ్ అరిగితే ఆరూ ఆలస్యమవుతాయి. కొంచెం మందమైన హ్యాండ్ అమర్చితే ఆ గది కూడా సరిపోతుంది, కానీ మిగతా ఐదింటికి బిగుసుకోకుండా ఆకురాయితో సరిచేయాలి. అది తుపాకీల మెకానిక్ పని. ఆ ఖర్చు ధరలో తగ్గించమని అడగండి, సరిచేయించేదాకా కాల్చకండి. ఎండ్ షేక్ 0.003, ప్రస్తుతానికి వదిలేయొచ్చు.

మెకానిక్ దగ్గర ఉన్నప్పుడే హ్యామర్ బ్లాక్ ఉందో లేదో చూడమనండి. కిందపడినా పేలకుండా ఆపే సన్నటి పట్టీ అది. సైడ్ ప్లేట్ తిరిగి పెట్టేటప్పుడు మర్చిపోయినవాళ్లు చాలామంది, అది లేకపోయినా తుపాకీ మామూలుగానే పనిచేస్తుంది కాబట్టి ఎవరికీ తెలియదు. పిడి ముందువైపు కింద ఉండే స్ట్రెయిన్ స్క్రూ పూర్తిగా బిగించి ఉండాలి. ట్రిగ్గర్ తేలికవుతుందని దాన్ని వదులు చేస్తారు, ఆ తరవాత తూటా పేలడం లేదని మొత్తుకుంటారు.

గుండు_గ్రెయిన్

తూటాల సంగతి: ప్లస్ పి (ఎక్కువ పీడనం ఉన్నవి) వద్దు. మోడల్ నంబరు ముద్ర లేని పాత ఫ్రేములకి వాడొద్దని కంపెనీయే చెబుతుంది. 148 గ్రెయిన్ల వాడ్‌కటర్ (ముందు భాగం చదునుగా ఉండే గుండు) లేదా 158 గ్రెయిన్ల మామూలు సీసం గుండు వాడండి. మీ స్థిరమైన సైట్లు 158కి అమర్చినవి. తేలికపాటి వేగమైన గుండు వాడితే దెబ్బ కింద పడుతుంది, ఎందుకంటే రీకాయిల్‌కి మూతి పైకి లేచేలోపే అది బ్యారెల్ దాటిపోతుంది. సైట్ ఆకురాయితో రుద్దాలని మాత్రం అనుకోకండి, తూటా మార్చండి.

సినిమాల్లోలా సిలిండర్‌ని మణికట్టు విదిలించి మూయకండి, యోక్ వంగుతుంది. మధ్యలో సిలిండర్ తెరుచుకోకపోతే ముందు ఎజెక్టర్ రాడ్ వదులైందేమో చూడండి. మీ కాలపు రాడ్‌కి మామూలు కుడి మరే. ఎడమ మర 1960 ప్రాంతంలో వచ్చింది. బిగించేముందు గదుల్లో ఖాళీ కేసులు పెట్టండి, లేకపోతే ఒత్తిడంతా నక్షత్రాన్ని పట్టే చిన్న పిన్నుల మీద పడి అవి తెగుతాయి.

నీలిఉక్కు

తోలు హోల్‌స్టర్‌లో నిల్వ ఉంచకండి, తోలు తేమ పీలుస్తుంది, దాంట్లోని లవణాలు ఉక్కుని తింటాయి. తడి పోయేలా తుడిచి, సన్నగా మైక్రోక్రిస్టలైన్ మైనం రాసి, సిలికోన్ పట్టించిన గుడ్డ సంచిలో పెట్టి, గాలిలో తేమ 50 శాతం దగ్గర ఉంచితే చాలు. గ్రిప్ చెక్కకీ అదే మైనం. ఎప్పుడైనా నికెల్ పూత ఉన్నది కొంటే అమ్మోనియా కలిసిన సాల్వెంట్ దగ్గరికి రానివ్వకండి, చిన్న పగులు ఉన్నా లోపలికి దూరి, కింద రాగి పొర ఉంటే దాన్ని కరిగించి పూతని పెచ్చులుగా లేపుతుంది.

సైడ్ ప్లేట్ మీరే తీయాల్సి వస్తే స్క్రూడ్రైవర్‌తో అంచు పట్టి లేపకండి. గాడికి సరిగ్గా సరిపడే, చివర సమాంతరంగా చెక్కిన బిట్టుతో స్క్రూలు తీసి, ఏది ఏ రంధ్రానిదో విడివిడిగా పెట్టుకోండి. ముందువైపు స్క్రూ యోక్‌కి అమర్చినది, దాన్ని ఇంకోచోట పెడితే సిలిండర్ తిరిగే తీరు మారిపోతుంది. తరవాత తుపాకీని ప్లేట్ పైకి ఉండేలా పట్టుకుని, పిడి ఫ్రేమ్ మీద సుత్తి చెక్క పిడితో తట్టండి. ప్లేట్ దానంతటదే పైకి లేస్తుంది.