పాత డెస్క్‌టాప్‌లో బ్యాకప్ డ్రైవ్ మాటిమాటికీ ఊడిపోతోంది: తప్పు డ్రైవ్‌దా, సీపీయూదా?

పర్లాకిమిడి_డీటీపీ:
అందరికీ నమస్కారం. మాది పర్లాకిమిడిలో చిన్న డీటీపీ షాపు. శుభలేఖలు, పెద్దకర్మ కార్డులు, ఎన్నికలొస్తే కరపత్రాలు. సగం తెలుగు, సగం ఒడియా. పేజ్‌మేకర్, అను ఫాంట్లు, ఆకృతి ఫాంట్లు అన్నీ ఒకే పాత ఎక్స్‌పీ సిస్టంలో ఉన్నాయి. దాన్ని మార్చేయమని మాత్రం చెప్పకండి. పాత ఫైళ్లు కొత్త సిస్టంలో తెరిస్తే అక్షరాలు చెదిరిపోతున్నాయి.

బ్యాకప్‌కి 1 టీబీ పోర్టబుల్ హార్డ్‌డిస్క్ వాడుతున్నా. కాపీ సగంలో ఉండగా "డిలేడ్ రైట్ ఫెయిల్డ్" అని వస్తుంది, డ్రైవ్ మాయమైపోతుంది. చూపిస్తే, డిస్క్ పోయింది, కొత్తది కొనండి అన్నారు. కొన్నాను. కొత్తదీ అదే వరస. ఇప్పుడేమో విండోస్‌లో డిస్క్ తప్పులు వెతికి దిద్దే చెక్‌డిస్క్ నడపమంటున్నారు. రెండు డిస్కులూ ఒకేలా పోతాయా? ఇంకోటి, గడియారం ఉదయం ఆన్ చేస్తే 2006 చూపిస్తోంది. దానికీ దీనికీ సంబంధం ఉందో లేదో తెలీదు, చెప్పి ఉంచుతున్నా.

బరంపురం_బోర్డు:
డ్రైవ్ తప్పు కాదు. సీపీయూ ముందు పోర్టుకి పెడుతున్నారు కదూ? అక్కడే ఉంది అసలు సంగతి.

యూఎస్‌బీ 2.0 పోర్టు లెక్క ప్రకారం ఇచ్చేది 5 వోల్టుల దగ్గర 500 మిల్లీ ఆంపియర్లు. పోర్టబుల్ డిస్క్‌లో ప్లేటు తిరగడం మొదలయ్యేటప్పుడు ఒక్క క్షణం అంతకంటే ఎక్కువే లాగుతుంది. వెనక పోర్టులు నేరుగా మదర్‌బోర్డు మీదే ఉంటాయి. ముందువి సన్నటి తీగతో బోర్డుకి కలిపి ఉంటాయి, ఆ తీగలోనే కొంత వోల్టేజి పడిపోతుంది. పైగా ఎస్‌ఎంపీఎస్, అదే లోపల కరెంటిచ్చే డబ్బా, ముసలిదైతే లోపల కెపాసిటర్లు ఉబ్బి, 5 వోల్టుల లైను అప్పుడప్పుడూ జారుతుంది. డిస్క్ ఒక్కసారి ఆగి మళ్లీ తిరుగుతుంది, ఎక్స్‌పీకి మాత్రం ఎవరో కేబుల్ పీకేసినట్టే.

కొత్త డిస్క్ కూడా అలాగే చేసిందంటే అనుమానించాల్సింది డిస్క్‌ని కాదు. వెనక పోర్టుకి పొట్టి కేబుల్‌తో పెట్టండి. అప్పటికీ ఊడిపోతే సొంత అడాప్టర్ ఉన్న హబ్ తెచ్చుకోండి. డిస్క్ మార్చమన్నవాళ్లు మీ డబ్బులు మార్చుకున్నారు, అంతే.

గుణుపురం_కుర్రోడు:
ఇంత తలనొప్పి ఎందుకన్నా, ఒక 4 టీబీ డ్రైవ్ తీసుకో, పదేళ్లు చూడక్కర్లేదు.

రాయగడ_రిపేరు:
తమ్ముడూ, 32 బిట్ ఎక్స్‌పీకి 4 టీబీ పెడితే డిస్క్ మేనేజ్‌మెంట్‌లో "జీపీటీ ప్రొటెక్టివ్" అని చూపించి ఊరుకుంటుంది, తెరవదు. డిస్క్‌ని భాగాలు చేసే పాత ఎంబీఆర్ పద్ధతిలో హద్దు 2 టీబీ. కొన్ని డిస్క్ డబ్బాలు 4 కేబీ సెక్టార్లు (డిస్క్ మీద డేటా రాసే గళ్లు) చూపించి ఎక్స్‌పీని ఒప్పిస్తాయి గానీ, ఆ డిస్క్‌ని డబ్బాలోంచి తీసి వేరేచోట పెడితే ఖాళీగా కనిపిస్తుంది. వద్దు.

ఇక బరంపురం అన్నతో నాకు పేచీ ఉంది. పవర్ సమస్యే అని తేల్చేస్తే ఎలా? నా దగ్గరికి వచ్చే పోర్టబుల్ డిస్కుల్లో చాలావాటికి నిజంగానే సెక్టార్లు పోయి ఉంటాయి. బ్యాగులో పడేసి బస్సుల్లో తిప్పుతారు, తిరుగుతుండగానే ఎత్తి పక్కన పెడతారు. ముందు వేరే కంప్యూటర్‌కి తగిలించి, డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే స్మార్ట్ రిపోర్టు చూడాలి. రీఎలొకేటెడ్ (పాడై వేరే చోటికి మార్చిన సెక్టార్లు), కరెంట్ పెండింగ్ (చదవలేక అనుమానంలో ఉన్నవి), అన్‌కరెక్టబుల్ (దిద్దలేనివి): ఈ మూడింట్లో దేనికైనా సున్నా కాని అంకె ఉంటే, అది పెరుగుతుంటే, ఆ డిస్క్‌ని నమ్మొద్దు. సీఆర్‌సీ ఎర్రర్లు, అంటే డేటా దారిలో చెడినవి, పెరిగితే కేబుల్ మార్చాలి.

బరంపురం_బోర్డు:
సీఆర్‌సీ అంకె దగ్గర మీరు చెప్పింది కంప్యూటర్ లోపలి డిస్కులకి సరిపోతుంది. బయటి డిస్క్‌లో ఆ లెక్క డబ్బా లోపల డిస్క్‌ని యూఎస్‌బీకి కలిపే బ్రిడ్జి బోర్డుకీ డిస్క్‌కీ మధ్య జరిగినదే. యూఎస్‌బీ కేబుల్ పాడైతే ఆ అంకె కదలదు. సున్నా ఉంది కదా అని కేబుల్‌కి క్లీన్ చిట్ ఇచ్చేస్తే ఎలా మరి? కొన్ని బ్రిడ్జి బోర్డులైతే స్మార్ట్ రిపోర్టునే బయటికి పోనివ్వవు.

రాయగడ_రిపేరు:
ఒప్పుకున్నా, సీఆర్‌సీ వరకు. పెండింగ్ సెక్టార్ల మాట మాత్రం అలాగే ఉంది.

జయపురం_మాష్టారు:
మీ ఇద్దరి వాదనా తర్వాత, ముందు ఆయన్ని చెక్‌డిస్క్ నొక్కకుండా ఆపండి బాబూ.

స్లాష్ ఆర్ పెట్టి నడిపితే అది ప్రతి సెక్టారూ చదువుతుంది, తప్పు దొరికితే దిద్దుతూ రాస్తుంది కూడా. డిస్క్ నిజంగా పాడవుతుంటే ఆ రుద్దుడికి మిగిలింది కూడా పోతుంది. డిస్క్ బాగుండి కరెంటే తక్కువైతే, దిద్దుతూ దిద్దుతూ మధ్యలో ఊడిపోతుంది, అది ఇంకా ఘోరం. ఆనక "ఫౌండ్.000" అని ఒక ఫోల్డర్ వస్తుంది. అందులో అసలు పేర్లు పోయి, వరస అంకెలతో సీహెచ్‌కే ఫైళ్లు. ఏది ఎవరి శుభలేఖో కనుక్కోవడం మీ వల్ల కాదు.

అనుమానం ఉన్న డిస్క్‌ని ముందు వేరే డిస్క్‌లోకి ఎత్తుకోవాలి. లైనక్స్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి డీడీరెస్క్యూ అనే కాపీ ప్రోగ్రాం వాడండి. అది బాగున్న చోట్లు ముందు లాగేసి, మొండికేసిన సెక్టార్ల దగ్గరికి ఆఖర్న వస్తుంది. ఎంతవరకు అయిందో మ్యాప్ ఫైల్లో రాసుకుంటుంది కాబట్టి కరెంటు పోయినా మళ్లీ మొదటికి రాదు. దిద్దుబాట్లన్నీ ఆ నకలు మీదే. టకటకమని శబ్దం వస్తుంటే మాత్రం ఇదీ వద్దు, ఆపేసి పక్కన పెట్టండి, అది ప్లేటుని చదివే హెడ్ సంగతి. డబ్బా విప్పి లోపలి డిస్క్‌ని నేరుగా తగిలిద్దామనీ చూడకండి. కొన్ని రకాల్లో పాస్‌వర్డ్ పెట్టకపోయినా బ్రిడ్జి బోర్డే డేటాని తాళం వేసి రాస్తుంది. ఇంకొన్నింట్లో కంప్యూటర్‌కి నేరుగా తగిలించే సాటా పిన్నులే ఉండవు, యూఎస్‌బీ సాకెట్ డిస్క్ బోర్డుకే అతికి ఉంటుంది.

2006 సంగతి: బోర్డు మీద గడియారాన్ని నడిపే బిళ్ల బ్యాటరీ, సీఆర్ 2032, అయిపోయింది. బ్యాకప్ ఎలా తీస్తున్నారు? మౌస్‌తో లాగుతున్నారా, కమాండ్లు రాసిపెట్టిన బ్యాచ్ ఫైలా?

పర్లాకిమిడి_డీటీపీ:
బ్యాచ్ ఫైలే మాష్టారూ. ఎక్స్‌కాపీ కమాండు, స్లాష్ డి పెట్టి.

జయపురం_మాష్టారు:
అనుకున్నాను. స్లాష్ డి అంటే బ్యాకప్‌లో ఉన్నదానికంటే తేదీ కొత్తదైతేనే కాపీ చేస్తుంది. కొత్తగా పుట్టిన ఫైలు అక్కడ లేదు కాబట్టి వెళ్తుంది. పోయినేటి కార్డు తెరిచి, పేర్లు మార్చి, అదే పేరుతో సేవ్ చేస్తే దాని తేదీ 2006 అవుతుంది. బ్యాకప్‌లో ఉన్న పాతది దానికంటే "కొత్తది". ఒక్క ఎర్రర్ కూడా రాదు, ఫైలూ వెళ్లదు. మీ వ్యాపారమంతా పాత కార్డు మీద కొత్త కార్డు చేయడమే కదా.

గుణుపురం_కుర్రోడు:
అమ్మో. అంటే డ్రైవ్ ఊడకపోయినా బ్యాకప్ తప్పే?

పర్లాకిమిడి_డీటీపీ:
చూశాను. మాష్టారు చెప్పినట్టే ఉంది. ఒక పాంప్లెట్ ఫైలు షాపులో ఒకలా, బ్యాకప్‌లో పాతగా. బిళ్ల మార్చి తేదీ సరిచేశాను, ఈసారి స్లాష్ డి లేకుండా మొత్తం మళ్లీ కాపీ పెట్టాను. వెనక పోర్టుకి అడాప్టర్ ఉన్న హబ్ పెట్టి కొత్త డిస్క్ తగిలిస్తే రాత్రంతా నడిచింది, ఊడలేదు. పాత డిస్క్ స్మార్ట్ రిపోర్టు మా అల్లుడి ల్యాప్‌టాప్‌లో తీయిస్తే పెండింగ్ సెక్టార్లు ఉన్నాయి. ఇప్పుడు ఎవరు గెలిచినట్టు?

రాయగడ_రిపేరు:
నేనే.

బరంపురం_బోర్డు:
కొత్త డిస్క్ ఊడింది ఎందుకట? అయినా తిరుగుతుండగా మాటిమాటికీ కరెంటు తగ్గితే రాత సగంలో ఆగి ఆ సెక్టారు చదవడానికి రాదు, పెండింగ్‌లో పడుతుంది. ప్లేటుకి దెబ్బే తగలక్కర్లేదు. ఫైళ్లు ఎత్తుకున్నాక మొత్తం డిస్క్ మీద ఒకసారి రాయించండి. పెండింగ్ అంకె సున్నాకి వచ్చి, రీఎలొకేటెడ్ పెరగకపోతే డిస్క్ బాగున్నట్టే.

రాయగడ_రిపేరు:
సరే, రాయించి చూడమనండి. సున్నాకి వచ్చినా నేను మాత్రం అందులో సినిమాలే పెడతాను, కస్టమర్ల ఫైళ్లు పెట్టను.

జయపురం_మాష్టారు:
రెండో కాపీ ఎక్కడ పెడుతున్నారు? షాపులోనే అయితే రెండూ ఒకటే లెక్క.

పర్లాకిమిడి_డీటీపీ:
పలాసలో మా బావగారి ఇంట్లో పెడదామని. రానుపోను తేలిక.

బరంపురం_బోర్డు:
2018 అక్టోబరులో తిత్లీ తుఫాను తీరం దాటింది పలాస దగ్గరే కదండీ, మీ గజపతి జిల్లాని కొట్టిందీ అదే. ఒకే తుఫాను దారిలో రెండు కాపీలూనా?

గుణుపురం_కుర్రోడు:
మా ఊరు పంపండి, రైలుంది.

జయపురం_మాష్టారు:
మీది వంశధార ఒడ్డు బాబూ. రాయగడ అయితే ఇంకా లోపలికి, ఎత్తులో ఉంటుంది. అక్కడ ఎవరైనా ఉన్నారా?

పర్లాకిమిడి_డీటీపీ:
మా చెల్లెలు ఉంది. కొత్త డిస్క్ షాపులో ఉంచి, ఇంకో 1 టీబీ కొని నింపి దానికి ఇస్తాను, పండక్కి వచ్చినప్పుడల్లా మార్చుకుంటాం. రాయగడ అన్నా, ఆ పాత డిస్క్ కూడా దాని చేతికే ఇచ్చి పంపుతాను, మొత్తం రాయించి అంకె ఎంతకి వచ్చిందో ఇక్కడే పెట్టండి.