కిడ్నీలో రాయి వచ్చినవాళ్లు గంగవాయిలి కూర తినవచ్చా?

మాది విశాఖ, గోపాలపట్నం. వానలు పడ్డాక పెరట్లో గంగవాయిలి దట్టంగా వచ్చింది. పప్పులో ఈ ఆకు పడితే మా అమ్మకు ప్రాణం లేచొస్తుంది. కానీ పోయినేడాది ఆవిడకు కిడ్నీలో రాయి వచ్చింది, ఆక్సలేట్ (ఆకుకూరల్లాంటి వాటిలో ఉండే, కాల్షియంతో కలిసి రాయిగా మారే పదార్థం) రాయి అన్నారు. ఈ ఆకులో ఆక్సలేట్లు బాగా ఎక్కువని తెలిసినప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది.

పీకి పారేయడానికి మనసు రావడం లేదు. 100 గ్రాముల ఆకులో సుమారు 93 గ్రాములు నీరే, కేలరీలు 20. అయినా పొటాషియం 490 మిల్లీగ్రాముల దాకా, మెగ్నీషియం 68 ఉంటాయి. ఒమేగా-3 కూడా మిగతా ఆకుకూరల కన్నా ఎక్కువ.

మొక్క అదేనా అన్నది ఇంకో అనుమానం. కాడ నున్నగా, ఎర్రగా ఉంది. ఆకు మందంగా గరిటెలా ఉంది. పొద్దున పసుపు పూలు విచ్చుకుంటున్నాయి, కాయ పైభాగం మూతలా ఊడి నల్లటి గింజలు రాలుతున్నాయి. కాడ విరిస్తే పాలు రావు. పక్కనే లేత గులాబీ పూలతో ఇలాంటిదే మరొకటి ఉంది, అది తెల్ల గలిజేరేనా?

ఉడికించి నీళ్లు పారబోస్తే ఆక్సలేట్ కొంత పోతుంది, పెరుగులోని కాల్షియం ఇంకొంత పట్టేస్తుంది అంటారు. రాత్రి ఆకులో పులుపు పేరుకుంటుంది కాబట్టి సాయంత్రం కోస్తే ఆక్సలేట్ కూడా తగ్గుతుందా, లేక తగ్గేది ఆ పులుపు ఒక్కటేనా? రాళ్లు వచ్చాక కూడా దీన్ని వండుకుంటున్నవారు ఎంత, ఎన్నాళ్లకోసారి తింటున్నారో దయచేసి చెప్పండి. డాక్టరు గారిని అడిగే ముందు తెలుసుకుందామని.