అప్‌డేట్: రిమోట్ డెస్క్‌టాప్ గంటకోసారి తెగిపోయే సమస్య తీరింది

బెంగళూరు మారతహళ్ళిలోని మా ఆఫీసులో విండోస్ సర్వర్ 2022కి రిమోట్ డెస్క్‌టాప్‌తో (వేరే సిస్టమ్ నుంచే సర్వర్‌లో పనిచేసే పద్ధతి) కనెక్ట్ అయితే సరిగ్గా గంటకి సెషన్ తెగిపోతోందని అడిగాను కదా, తీరింది. అందరికీ థ్యాంక్స్.

డొమైన్ (సిస్టమ్‌లనీ యూజర్లనీ ఒకేచోటి నుంచి నడిపే ఏర్పాటు) ఉందా అని అడిగినవారే అసలు సంగతి పట్టుకున్నారు. మాది వర్క్‌గ్రూప్, అంటే ఏ సిస్టమ్ లెక్క దానిదే. అందులో రిమోట్ డెస్క్‌టాప్ పర్ యూజర్ క్యాల్స్ (CAL, సర్వర్‌ని వాడుకోవడానికి మనిషికొకటి చొప్పున లైసెన్సులు) పనికిరావు, 60 నిమిషాలకి సెషన్ కట్ అయిపోతుంది. విండోస్ సెట్టింగ్‌లుండే గ్రూప్ పాలసీలో లైసెన్సింగ్ మోడ్‌ని పర్ డివైజ్‌కి (సిస్టమ్‌కొకటి) మార్చి, ఆ రకం క్యాల్సే ఎక్కించాం. రెండు షిఫ్టుల్లో ఇరవై మంది వాడేది పది సిస్టమ్‌లే కాబట్టి పదితో సరిపోయింది.

ఈ రిమోట్ డెస్క్‌టాప్ క్యాల్స్‌తో పాటు మామూలు విండోస్ సర్వర్ క్యాల్స్ కూడా విడిగా ఉండాలి. మాకు అమ్మినాయన ఆ ముక్క చెప్పనేలేదు!

ఈ సమస్యకి రౌటర్ మార్చడం శుద్ధ దండగ. ఫైర్‌వాల్‌కీ దీనికీ సంబంధమే లేదు.