ఆరేళ్ల కుక్కను ఇక పెంచలేకపోతున్నాం, ఏం చేయాలి?

ప్రశ్న: ఉద్యోగం మారి నేను దూరం వెళ్లాను. ఇంట్లో అమ్మ ఒక్కతే. పోయిన నెల వాకింగ్‌లో కుక్క ఒక్కసారిగా లాగితే కింద పడింది, అప్పట్నుంచి భయం పట్టుకుంది. దానికితోడు ఈమధ్య తల నిమిరితే గుర్రుమంటోంది. "ఎక్కడైనా దూరంగా వదిలేయండి, అదే బతుకుతుంది" అంటున్నారు బంధువులు. నాకు మనసొప్పట్లేదు.

జవాబు: ఒప్పకపోవడమే మంచిదండీ. ఆరేళ్లు గిన్నెలో తిన్న కుక్కకి బయట తిండి వెతుక్కోవడం రాదు, అక్కడున్న కుక్కలు తమ హద్దులోకి రానివ్వవు.

ముందు డాక్టర్‌కి చూపించండి. గుర్రుమనడం కొత్తగా మొదలైందంటే అది నొప్పి వల్ల కావచ్చు. చెవి, పన్ను, కీళ్లు, వీటిలో ఏది బాగోకపోయినా పైకి తెలియదు. (పిల్లి ఉన్నట్టుండి పరుపు మీద పోస్తున్నా అంతే, మూత్రం సమస్యేమో చూపించాలి. పొగరనుకుని ఇచ్చేస్తుంటారు పాపం.) లాగడానికైతే, ఛాతీ ముందు కొక్కెం ఉండే హార్నెస్ (మెడకి కాకుండా ఒంటికి తొడిగే పట్టీ) వేసి చూడండి. నడిపించడానికి మనిషి దొరికితే ఇచ్చేసే అవసరమే రాకపోవచ్చు.

ప్రశ్న అడిగినవారు: చూపించాను. చెవిలో ఇన్ఫెక్షనట, మందు వేస్తుంటే తగ్గుతోంది. కానీ అమ్మ ససేమిరా అంటోంది. తెలిసినవాళ్ల ద్వారా ఒకాయన అడుగుతున్నారు. గుర్రుమన్న సంగతి చెబితే వద్దంటారేమోనని టెన్షన్.

జవాబు: చెప్పండి. వద్దనేదేదో ఇప్పుడే అననివ్వండి. నేనోసారి దాచాను. మా కుక్కకి ఉరుములంటే భయం, తలుపులు గీకేసేది. ఆ మాట చెప్పకుండా ఇస్తే నాలుగో రోజున తిరిగొచ్చింది. ఆ తర్వాత నేను గడప దాటితే చాలు, ఏడుపు. తప్పు నాది, శిక్ష దానికి.

మీరే వాళ్లింటికి వెళ్లి చూడండి. పగలు ఎవరుంటారు, రోజంతా గొలుసుతో కట్టేస్తారా, ఇంట్లో అందరికీ ఇష్టమేనా అడగండి. ఒక్క ప్రశ్నా వేయకుండా "రేపే పంపేయండి" అనేవాళ్లని నేనైతే నమ్మను. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ కాకపోతే చేయించే ఇవ్వండి. టీకాల కార్డు ఇవ్వండి, మైక్రోచిప్ (చర్మం కింద పెట్టే గుర్తింపు చిప్) ఉంటే దాని వివరాలు వాళ్ల పేరుకి మార్పించండి. రెండు వారాలు చూసుకోమనండి. కుదరకపోతే మీకే తిరిగివ్వాలి గానీ వేరేవాళ్లకి ఇవ్వకూడదని రాసుకోండి.

అది పడుకునే దుప్పటి ఉతక్కుండా పంపండి, ఆ వాసన దానికి ధైర్యం. 3 రోజులు బెదురు, 3 వారాలకి అలవాటు, 3 నెలలకి సొంతిల్లు అని పెంచేవాళ్లు ఓ లెక్క చెబుతారు. ఒక్కో కుక్కకి ఒక్కోలా ఉంటుందనుకోండి. మొదటి రోజుల్లో మాత్రం తలుపు జాగ్రత్త, పారిపోతే దారి తెలియదు.

మరొకరు: ఈ ఇల్లు కుదరకపోతే జంతువుల షెల్టర్ ఉండనే ఉంది. కానీ ముందే ఫోన్ చేసి ఖాళీ ఉందా, ఎవరూ తీసుకోని వాటిని ఏం చేస్తారు అని అడిగాకే వెళ్లండి. రాత్రిపూట గేటుకి కట్టేసి రావడం కూడా వదిలేయడమే.

ప్రశ్న అడిగినవారు: ఆదివారం అమ్మని తీసుకుని వాళ్లింటికి వెళ్తున్నాం. చెవి మందు ఇంకో వారం వేయాలి, అదీ కాగితం మీద రాసిస్తాను.